బహుమతి ఆశ చూపితే పిల్లలు చదువుతారా?

ఫస్టు ర్యాంకు వస్తే సైకిల్ కొనిస్తానని మీ అబ్బాయికి మాట ఇచ్చారు. మనిషి అవసరాలను తిండి మొదలుకుని ఒక వరుసలో పేర్చిన మనస్తత్వవేత్త మాస్లో సిద్ధాంతం ప్రకారం ఇది పనిచేస్తుందా అని అడిగారు. ఈ పరీక్ష వరకు పనిచేయవచ్చు. చదువు మీద ఇష్టాన్ని మాత్రం తినేస్తుంది. ఇది నా కళ్లముందు జరిగింది.

కడపలో మా అక్క వాళ్ల వాకిలంతా నల్లటి కడప బండలే. వాటి మీద తెల్లటి ముగ్గు చూడాలి, ఎంత అందమో! మా అక్క కూతురికి అప్పుడు ఎనిమిదేళ్లు. వాకిలి కడగడం అయ్యేదాకా ముగ్గు డబ్బా ఒళ్లో పెట్టుకుని గడప దగ్గరే కూర్చునేది. అవ్వ నేర్పిన మెలికల ముగ్గులంటే ప్రాణం. 15 చుక్కలు పెట్టి, 8 వచ్చేదాకా సందు చుక్కలు దింపి, గీత ఎక్కడా తెగకుండా తిప్పి మొదలుపెట్టిన చోటికే తెచ్చి కలిపేది. ఒక్క మెలిక తప్పినా తడిగుడ్డతో తుడిచి మళ్లీ వేసేది. బడికి ఆలస్యమవుతోందని అక్క కేకలేసినా వినేది కాదు.

ఆ సంక్రాంతికి వీధిలో ముగ్గుల పోటీ పెట్టారు. మొదటి బహుమతి స్టీలు క్యారియర్. మెలికల ముగ్గులకు మార్కులు పడవని, రంగులు నింపిన నెమళ్లు వేయమని ఇంట్లో అందరూ చెప్పారు. వేసింది. రెండో బహుమతి వచ్చింది. పండగ అయిపోయాక ఒకరోజు అక్క పిలిస్తే, "ఈరోజు పోటీ లేదు కదా" అంది. "ఊరికే వేయవే" అన్నాను నేను. "ఊరికే ఎందుకు చిన్నమ్మా?" అని అడిగింది. అంతకుముందు ఆ ప్రశ్న ఆ పిల్లకు తట్టనే లేదు!

1973లో అమెరికాలో లెపర్, గ్రీన్, నిస్బెట్ అనే పరిశోధకులు నర్సరీ పిల్లలతో చేసిన ప్రయోగంలో తేలిందీ ఇదే. బొమ్మలు గీయడమంటే ముందునుంచే ఇష్టమున్న పిల్లల్లో కొందరికి, గీస్తే రిబ్బను అంటించిన ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి ఏమీ చెప్పకుండా గీశాక ఇచ్చారు. మిగతావాళ్లకు ఏమీ ఇవ్వలేదు. తర్వాత కొన్నాళ్లకు తరగతిలో స్కెచ్ పెన్నులు పెట్టి వాళ్ల మానాన వదిలేస్తే, ముందే ఆశ చూపిన పిల్లలు మిగతావాళ్లు గీసిన సమయంలో దాదాపు సగం సేపే గీశారు. చెప్పకుండా ఇచ్చిన పిల్లల ఇష్టం తగ్గలేదు. చెడగొట్టింది ముందుగా కుదుర్చుకున్న బేరమే.

తన ఇష్టంతో చేస్తున్నానన్న భావన, నాకు చేతనవుతుందన్న నమ్మకం, నా వాళ్లున్నారన్న దగ్గరితనం: ఈ మూడూ మనిషికి కావాలని డెసీ, రయాన్ అనే మనస్తత్వవేత్తలు చెప్పారు. వాకిట్లో ఆ పిల్లకు మూడూ ఉండేవి. నెమళ్లు వేయమన్న రోజే మొదటిది పోయింది. మీరు ఆ సైకిల్ ఇప్పుడే కొనిచ్చేయండి, మార్కుల ఊసెత్తకుండా. అబ్బాయి లెక్కలు చేస్తున్నప్పుడు పక్కన కూర్చుని, ఇది ఎలా వచ్చిందో నాకూ చెప్పమని అడగండి.

ఇక మాస్లో సంగతి. వ్యక్తిత్వ వికాసం తరగతుల్లో బోర్డు మీద గీసే ఆ అవసరాల పిరమిడ్, 1943లో ఆయన రాసిన వ్యాసంలో లేనే లేదు. ఒక అవసరం పూర్తిగా తీరితేనే తర్వాతిది పుడుతుందని కూడా ఆయన అనలేదు. కడుపు నిండాకే కళ అనేవాళ్లు అనంతపురం పల్లెలకు రావాలి. వేరుశనగ ఎండి, పెట్టుబడి కూడా చేతికి రాని ఏళ్లలోనూ రాత్రిపూట చెక్కభజనలు ఆగలేదు. గజ్జెలు కట్టినవాళ్లలో అప్పుల్లో ఉన్నవాళ్లే ఎక్కువ. వాళ్లకు ఎవరు ఏ క్యారియర్ ఇస్తామన్నారు?

నాకు అసలు కోపం ర్యాంకుల ఫ్లెక్సీల మీద. కర్నూలు వెళ్లినా కడప వెళ్లినా, పిల్లల ముఖం కంటే పెద్దదిగా అంకె. వారం వారం మార్కులు చూసి సెక్షన్లు మార్చే కాలేజీలో పిల్లవాడు కింది సెక్షన్‌కు దిగిపోతానన్న భయంతోనే పుస్తకం తెరుస్తాడు. ఆ ఫ్లెక్సీల మీది పిల్లల్లో ఎంతమంది ఇంటర్ అయ్యాక లెక్కల పుస్తకాన్ని ఇష్టంగా ముట్టుకున్నారో ఒక్క కాలేజీ అయినా చెప్పాలి.