బుగ్గలు జారిపోయాయి... చెప్పకుండా సర్జరీ చేయించుకోనా?

ప్రశ్న: నా వయసు 52. మంచాన పడ్డ అత్తగారిని నాలుగేళ్లు చూసుకున్నాను. ఆవిడ పోయి ఏడాదైంది. ఇప్పుడు అద్దంలో చూసుకుంటే బుగ్గలు కిందికి జారి, కళ్ల కింద గుంటలు పడి, ముక్కు పక్క నుంచి పెదవుల దాకా గీతలు కనిపిస్తున్నాయి. కలిసినవాళ్లంతా ‘ఒంట్లో బాగాలేదా?’ అని అడుగుతున్నారు. సర్జరీతో బుగ్గలు పైకి లేపుతారట. మావారు ‘ఈ వయసులో ఎందుకు?’ అని కొట్టిపారేశారు. రెండు నెలల్లో మా అమ్మాయి పెళ్లి. చెల్లెలింటికి వెళ్తున్నానని చెప్పి ఆపరేషన్ చేయించుకుందామనుకుంటున్నాను. ఇది తప్పా?
- ఓ సోదరి

జవాబు: బాగా కనిపించాలనుకోవడం తప్పు కాదు. నాలుగేళ్లు మరొకరి ఆరోగ్యమే లోకంగా బతికారు. మీ ముఖం వైపు చూసుకునే తీరిక మీకు ఇప్పుడే దొరికింది. దాన్ని ఎవరైనా షోకు అంటే నేను ఒప్పుకోను. కానీ పెళ్లికి ముందు వద్దు. మీవారికి చెప్పకుండా అసలే వద్దు.

ఈ ఆపరేషన్‌లో కింది కనురెప్ప దగ్గరో, కణతల మీద జుట్టు లోపలో కోసి, జారిన భాగాన్ని పైకి జరిపి కుట్టేస్తారు. కమిలిన మచ్చలు పోవడానికే సుమారు 2 వారాలు పడుతుంది. వాపు పూర్తిగా తగ్గి ముఖం సర్దుకోవడానికి నెలలు పడుతుంది. ఈలోగా బుగ్గలు మొద్దుబారినట్టు, కళ్లు లాగినట్టు, అది తమ ముఖమే కానట్టు చాలామందికి అనిపిస్తుంది. కొందరికి కింది రెప్ప కిందికి లాగేసి కళ్లు పొడిబారతాయి. రెండు వైపులా ఒకేలా రాకపోవచ్చు. ముఖంలోని నరం దెబ్బతినే ప్రమాదం తక్కువే అయినా, లేదని చెప్పలేం. అలాంటిది ఏదైనా వస్తే సరిచేయించుకోవడానికి మీకు టైమ్ ఉండదు. పెళ్లి పనుల టెన్షన్ మధ్య మీరు ఆ వాపునే చూసుకుంటూ కూర్చోవడం నాకు ఇష్టం లేదు.

మత్తు ఇచ్చి చేసే ఆపరేషన్ ఇది. మొదటి రోజంతా పక్కన ఒక మనిషి ఉండాలి. చర్మం కింద రక్తం గూడుకట్టినా, చూపులో తేడా వచ్చినా వెంటనే ఆస్పత్రికి పరుగెత్తాలి. చెల్లెలు ఉంది కదా అంటారేమో. మీవారికి తెలియకుండా ఆ బాధ్యతంతా ఆమె ఒక్కదాని మీద పెట్టడం న్యాయమేనా? పైగా కళ్ల చుట్టూ కమిలిన ముఖంతో ఇంటికొచ్చి ఏమని చెబుతారు?

మీ ఉత్తరంలో నేను మళ్లీ మళ్లీ చదివిన మాట మీవారు అన్న ‘ఎందుకు’. నాలుగేళ్లు కన్నతల్లిని మంచం మీద చూసిన మనిషి ఆయన. ఇప్పుడు ఆరోగ్యంగా తిరుగుతున్న భార్య కోరి కత్తి కిందికి వెళ్తానంటే భయపడి ఉండొచ్చు. మగవాళ్లలో చాలామందికి భయాన్ని భయంగా చెప్పడం రాదు, విసుగుగా బయటికొస్తుంది. ఇది నా ఊహే, ఆయన్ను అడిగితేనే తెలుస్తుంది. అయితే ‘ఈ వయసులో’ అన్న మాట మీ మనసును నొప్పించింది. అది కూడా ఆయనకు తెలియాలి.

ఇంకొక సంగతి. ‘ఒంట్లో బాగాలేదా’ అన్నవాళ్లు మీ బుగ్గల్ని చూసే అన్నారని ఎందుకనుకోవాలి? అన్నేళ్లు రాత్రుళ్లు సరిగా నిద్రపోయి ఉండరు. నిజంగానే అలసిపోయి ఉంటారు. బరువు తగ్గినా బుగ్గలు పీక్కుపోతాయి. ఒకసారి రక్తహీనతకు, థైరాయిడ్‌కు పరీక్ష చేయించుకోండి. ఇప్పుడైనా కంటినిండా నిద్ర పడుతోందా? అత్తగారు పోయాక ఇల్లు ఖాళీగా అనిపించి దిగులుగా ఉంటే అది కూడా డాక్టర్‌తో చెప్పండి. ఆ దిగులుకు సర్జరీ మందు కాదు.

పెళ్లయ్యాక, ఒంట్లో అంతా బాగుందని తేలాక కూడా మీ మనసు ఇదే కోరితే నిశ్చింతగా ముందుకెళ్లండి. అప్పుడు ఒక పరీక్ష మీరే చేసుకోవచ్చు. వెల్లకిలా పడుకుని, చేతిలో అద్దం పైకెత్తి చూసుకోండి. జారిన బుగ్గ కొంత వెనక్కి వెళ్తుంది. అప్పటికీ గుంట అలాగే ఉంటే లోపలి కొవ్వు తరిగి ఉండొచ్చు. వయసుతో చెంప ఎముక కూడా కొంత అరుగుతుంది. తరిగినదాన్ని ఊరికే పైకి లాగితే నిండుదనం రాదు. అలాంటివాళ్లకు గుంటలో జెల్ నింపే ఫిల్లర్ ఇంజెక్షన్లో, ఒంట్లోని మరో చోటి కొవ్వు తీసి నింపడమో చెబుతారు. ఫిల్లర్లు కొన్ని నెలలకు కరిగిపోతాయి, మళ్లీ వేయించుకోవాలి. అరుదుగానైనా రక్తనాళంలోకి వెళ్తే చూపు పోయే ప్రమాదం ఉంది కాబట్టి అవి బ్యూటీ పార్లర్‌లో చేయించుకునే పని కాదు.

అర్హత ఉన్న ప్లాస్టిక్ సర్జన్‌ను, వీలైతే ఇద్దరిని కలవండి. తాను చేసినవాళ్ల ఫొటోలు, అదీ ఏడాది గడిచాక తీసినవి, చూపించమనండి. బీపీ, షుగర్, పొడి కళ్లు, రక్తం పలుచబడే మందులు ఏవి ఉన్నా దాచకండి. రెప్పకు ఇబ్బంది వస్తే ఎవరు చూస్తారో ముందే అడగండి. ముక్కు పక్క గీతలు పూర్తిగా పోతాయని హామీ ఇచ్చేవాళ్ల దగ్గరికి మాత్రం వెళ్లకండి. ఎంత బాగా చేసినా అవి కొంత మిగులుతాయి.

మొదటిసారి సర్జన్ దగ్గరికి వెళ్లేటప్పుడు మీవారిని కూడా రమ్మనండి. ఒప్పించడానికి కాదు. ఆయన మనసులో ఉన్న ‘ఎందుకు’ను, ‘ఏమవుతుంది’ను నేరుగా డాక్టర్‌నే అడగనివ్వండి.