అమ్మాయికి ‘ఎక్స్‌పీరియన్స్’ కొనమంటున్నారు, కట్టమంటారా?

ప్రశ్న: మాది నంద్యాల. కిరాణా హోల్‌సేల్ షాపు. మా అమ్మాయి బీకాం కంప్యూటర్స్ అయ్యాక ట్యాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) నేర్చుకుంటానని హైదరాబాద్ వెళ్లింది. నాలుగు నెలలుగా అమీర్‌పేటలో హాస్టల్లో ఉంటోంది. నౌకరీ వెబ్‌సైట్లో ఎన్నింటికో అప్లై చేస్తే రెండే పిలుపులొచ్చాయి. రెండు చోట్లా ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’ దగ్గరే తడబడిందట. ఇప్పుడొక కన్సల్టెన్సీ వాళ్లు 60 వేలు కడితే రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ లెటర్, పేస్లిప్పులు ఇచ్చి ఉద్యోగం చూపిస్తామంటున్నారు. కట్టమంటారా? డిగ్రీ చదివేటప్పుడు షాపు బిల్లులన్నీ తనే ఎక్కించేది, ఆ పనే చూసుకుంటూ ఇంటి దగ్గర ఉండమంటే వినడం లేదు. రెజ్యూమె కూడా పంపుతున్నాను.

జవాబు: కట్టకండి. తప్పొప్పుల సంగతి తర్వాత, మీరు వ్యాపారస్తులు కాబట్టి ముందు లెక్క చూద్దాం. 20 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలకు పీఎఫ్ తప్పనిసరి. ఎవరు ఏ కంపెనీలో ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పనిచేశారో పీఎఫ్ ఖాతాదారుకిచ్చే యూఏఎన్ నంబరు కొడితే బయటపడుతుంది. ‘రెండేళ్లు చేశావు, పీఎఫ్‌లో ఒక్క నెల కూడా లేదేం?’ అని అడిగితే ‘చిన్న కంపెనీ సార్’ అనొచ్చు. అప్పుడు జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ తెమ్మంటారు. ఈ తనిఖీ చాలాసార్లు చేరాక, ఒకటి రెండు జీతాలు తీసుకున్నాక జరుగుతుంది. దొరికితే ఉద్యోగమూ పోతుంది, 60 వేలూ పోతాయి. ఇంకో చిక్కుంది. రెండేళ్లు పనిచేశానన్న మనిషిని ఫ్రెషర్ ప్రశ్నలు అడగరు. మంత్ ఎండ్ క్లోజింగ్ (నెలాఖరు లెక్కల ముగింపు) ఎలా చేసేదానివని మొదలుపెడతారు. తన గురించి తాను చెప్పడానికే తడబడే పిల్ల, లేని ఆఫీసు గురించి ఎంతసేపు చెప్పగలదు?

ఇక రెజ్యూమె. పైన ‘ఛాలెంజింగ్ పొజిషన్ ఇన్ ఎ రెప్యూటెడ్ ఆర్గనైజేషన్’ అన్న అరువు వాక్యం. కింద మీ పేరు, పెళ్లి కాలేదన్న వివరం, పాటలు వినడం హాబీ, ‘ఐ హియర్‌బై డిక్లేర్’. స్కిల్స్ దగ్గర ‘ట్యాలీ, ఎంఎస్ ఆఫీస్, హార్డ్ వర్కింగ్’. ఆ హాస్టల్లో పక్క మంచం అమ్మాయి రెజ్యూమె కూడా ఇలాగే ఉంటుంది, పేరు ఒక్కటే తేడా. మీ షాపు ఊసు మాత్రం రెండు పేజీల్లో ఎక్కడా లేదు! మీరు ఉత్తరం చివర్లో విసుగ్గా రాసిన ముక్కే ఆమెకున్న అసలు అనుభవం. ఇంటి పని కదా, అదేం ఉద్యోగమని వదిలేసి ఉంటుంది.

అవన్నీ తీసేసి ఒక్క పేజీకి కుదించమనండి. చదువు కింద ఇలా రాయాలి: ‘మా కుటుంబ కిరాణా హోల్‌సేల్ షాపులో డిగ్రీ మూడేళ్లూ కొనుగోలు, అమ్మకం బిల్లులు ఎక్కించాను. నెలకు సుమారు ఇన్ని బిల్లులు.’ ఆ ‘ఇన్ని’ దగ్గర అంకె ఊహించి వేయొద్దు, పాత ఫైలు తీసి లెక్కపెట్టాలి. ఆడిటర్‌కు జీఎస్టీ కాగితాలు సర్ది ఇచ్చి ఉంటే అదీ రాయాలి. రావాల్సిన బాకీలు చూసి ఉంటే అదీ. చేయనిది ఒక్కటీ వద్దు.

రాసింది రాసినట్టే ఇంటర్వ్యూలో అడుగుతారు. మీ షాపు సరుకుతోనే చెబుతాను. నూనె డబ్బాలు కర్నూలు డీలరు దగ్గర కొంటే బిల్లులో కేంద్రం, రాష్ట్రం వాటాలుగా సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ చెరి రెండున్నర శాతం. అదే నూనె బళ్లారి నుంచి వస్తే రాష్ట్రం మారింది కాబట్టి ఐజీఎస్టీ 5 శాతం. ఎందుకో చెప్పగలగాలి. నెలనెలా రిటర్నులు వేసేవాళ్లకు అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1 గడువు మర్నెల 11, పన్ను కట్టే జీఎస్టీఆర్-3బీకి 20. మధ్యలో 14న 2బీ, అంటే డీలర్లు తమ రిటర్నుల్లో చూపిన మన కొనుగోళ్ల పట్టిక, వస్తుంది. నేను అకౌంట్స్ పోస్టుకు కూర్చోబెట్టే మాక్ ఇంటర్వ్యూల్లో ఒకటి తప్పకుండా అడుగుతాను: ‘కొన్న బిల్లు చేతిలో ఉంది, 2బీలో కనిపించడం లేదు. ఏం చేస్తావు?’ అకౌంటింగ్ మూలసూత్రాలైన గోల్డెన్ రూల్స్ గడగడా అప్పజెప్పినవాళ్లు కూడా ఇక్కడ ఆగిపోతారు. డీలరు రిటర్ను వేయలేదేమో, మన జీఎస్టీ నంబరు తప్పు కొట్టాడేమో ఫోన్ చేసి కనుక్కోవాలి. 2బీలో పడేదాకా ఆ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్ను మినహాయింపు) వాడుకోకూడదు. ఇందుకోసం డీలర్లతో మీరు ఫోన్లో పోట్లాడటం ఆమె వినే ఉంటుంది.

కొన్నిచోట్ల సిస్టమ్ ముందు కూర్చోబెట్టి ఓ పర్చేజ్ వోచర్ (కొనుగోలు ఎంట్రీ) కొట్టమంటారు. ట్యాలీప్రైమ్ ఎడ్యుకేషనల్ మోడ్‌లో లైసెన్స్ లేకుండానే సాధన చేయొచ్చు, కాకపోతే నెలలో 1, 2, 31 తేదీల వోచర్లే తీసుకుంటుంది. నేర్చుకోవడానికి అది చాలు.

‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’కు యూట్యూబ్ చూసి బట్టీ పట్టిన జవాబు మధ్యలో ఒక మాట జారితే మొత్తం కూలిపోతుంది. నిమిషంలో మూడు సంగతులు చెబితే సరిపోతుంది: ఏం చదివాను, షాపులో ఏం చేశాను, ఈ పని ఎందుకు కావాలి. చిన్న చిన్న ఇంగ్లిష్ వాక్యాలు. ముందు తెలుగులో చెప్పి ఫోన్లో రికార్డు చేసుకోమనండి, తర్వాత అదే ఇంగ్లిష్‌లో. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమనడం తప్పేమీ కాదు. అర్థమైనట్టు తలూపడమే తప్పు.

నౌకరీ ఒక్కటే పట్టుకుని కూర్చోవద్దు. కేంద్ర ప్రభుత్వ ఎన్‌సీఎస్ ఉద్యోగాల పోర్టల్ ఉచితం. కేంద్రానిదే అయిన నాట్స్ అనే అప్రెంటిస్ పోర్టల్లో డిగ్రీవాళ్లకు స్టైపెండ్‌తో అప్రెంటిస్‌షిప్పులుంటాయి. నన్నడిగితే మాత్రం మొదటి ఏడాదికి ఓ చిన్న ఆడిటర్ ఆఫీసే మేలు. జీతం తక్కువే, కానీ పది రకాల వ్యాపారాల లెక్కలు చేతి మీదుగా పోతాయి. మీ ఆడిటర్‌కు హైదరాబాద్‌లో తెలిసినవాళ్లు ఉండకపోరు, ఒక మాట అడగండి. ఎక్కడైనా సరే ల్యాప్‌టాప్ డిపాజిట్, ట్రైనింగ్ ఫీజు అంటే లేచి వచ్చేయమనండి. ఈపాటికే ఆన్‌లైన్లో అడ్వాన్సేమైనా పంపి ఉంటే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఈసారి ఆమె ఇంటికొచ్చినప్పుడు పెళ్లి మాటలు, ఉద్యోగం మాటలు పక్కన పెట్టి, పోయిన నెల బిల్లుల కట్ట ముందేసి మీరే మేనేజరులా అడగండి. తెలుగులోనే. ‘ఈ బిల్లు ఎందుకు తప్పు?’ అని ఒకటి కావాలనే తప్పుగా రాసి ఇవ్వండి. ఆమె పట్టుకుంటుందో లేదో చూసి నాకు మళ్లీ రాయండి.