సమాధానం: పది మందికి ఎన్ని క్లాసులు?
బెంగళూరులో మన తెలుగువాళ్లు పది మంది కాండోర్ అనే కంప్యూటర్ సిమ్యులేటర్‌లో పెట్టుకున్న గ్లైడర్ (ఇంజిన్ లేకుండా ఎగిరే విమానం) రేసుల్లో ప్రతి వారం ఏఎస్‌జీ 29 అనే వేగమైన గ్లైడర్ తీసుకున్నవాళ్లే గెలుస్తున్నారని, గ్లైడర్లను క్లాసులుగా (పోటీ వర్గాలుగా) ఎలా విడగొట్టాలని అడిగారు కదండీ. నా మాట వింటే అసలు విడగొట్టకండి. అంతర్జాతీయ వైమానిక క్రీడల సమాఖ్య ఎఫ్‌ఏఐకి ఓపెన్, రెక్కల పొడవును బట్టి 18 మీటర్లు, 15 మీటర్లు, స్టాండర్డ్, క్లబ్ అంటూ ఇన్ని క్లాసులున్నాయంటే, ప్రపంచమంతా కలిపి అంతమంది పైలట్లున్నారు కాబట్టి. ముగ్గురేసి మనుషులతో రేసేమిటి!

క్లబ్ క్లాస్ పద్ధతి పట్టుకోండి: నీటి బ్యాలస్ట్ (వేగం కోసం రెక్కల్లో నింపే నీటి బరువు) వద్దు, వేగాన్ని హ్యాండిక్యాప్‌తో (గ్లైడర్ సామర్థ్యాన్ని బట్టి ఇచ్చే అంకెతో) భాగించండి. అయితే శిక్షణకు వాడే ఏఎస్‌కే 21ని ఏఎస్‌జీ 29తో పోటీ పెడితే హ్యాండిక్యాప్ కూడా కాపాడలేదు. థర్మల్స్ (గ్లైడర్‌ను పైకి లేపే వేడిగాలి ప్రవాహాలు) బలహీనంగా, దూరదూరంగా ఉన్న రోజున తక్కువ గ్లైడ్ ఉన్నది, అంటే ఎత్తు కోల్పోతూ తక్కువ దూరమే జారగలిగేది, తర్వాతి థర్మల్‌ దాకా చేరనే చేరదు, పొలంలో దిగిపోతుంది. అందుకే అందరూ ఎల్‌ఎస్ 4, డిస్కస్ లాంటి దగ్గరదగ్గర గ్లైడర్లకు రండి.

టాస్క్ (ఎగరాల్సిన దారి) కూడా మార్చండి. స్థిరమైన మలుపులకు బదులు కనీస సమయం పెట్టి ఏరియా టాస్క్ (మలుపు ఒక బిందువు కాకుండా ఒక ప్రాంతం, అందులో ఎంత దూరం వెళ్లాలో పైలట్ ఇష్టం) ఇస్తే అందరూ దాదాపు ఒకే వాతావరణంలో ఎగురుతారు. నెమ్మది గ్లైడర్ సాయంత్రం థర్మల్స్ తగ్గాక ఒంటరిగా చిక్కుకోదు. ఈ ఆదివారం రెండు గంటల కనీస సమయంతో మొదలుపెట్టి చూడండి.