చిన్నా, ఆ రెండో డబ్బా పారేయకు

తార్నాక,
ఆదివారం ఉదయం

చిన్నా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. నల్లకుంట ఇల్లు ఖాళీ చేసి కొండాపూర్ ఫ్లాటుకు మారేలోపు మీ నాన్న, అదే మా అన్నయ్య, దాచిన క్యాసెట్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్నావని చెప్పింది. కొత్త ఉద్యోగంలో చేరే ముందు దొరికిన రెండు నెలలూ దీనికే పెట్టావట. ఫోన్ పెట్టేశాక చాలాసేపు అలాగే కూర్చున్నాను. అన్నయ్య పోయిన దగ్గర్నుంచి ఆ క్యాసెట్ల బీరువా గతేమిటా అని నాకు లోపల ఒకటే బెంగ. ఎవరూ చెప్పకుండానే నువ్వు దాని ముందు కూర్చున్నావు. నాకెంత గర్వంగా ఉందో చెప్పలేను.

రాత్రి నువ్వు పంపిన ఫొటో చూశాక మాత్రం నిద్ర పట్టలేదు. రెండు అట్టపెట్టెలు. ఒకదాని మీద 'ఉంచేవి', రెండోదాని మీద 'పారేసేవి' అని రాశావు. రెండోదే పెద్దది. అందుకే పొద్దున్నే లేచి ఈ ఉత్తరం రాస్తున్నాను. వాట్సాప్‌లో పెడితే పైపైన చూసి వదిలేస్తావు. కాగితం మీదైతే కూర్చుని చదువుతావు.

ముందు పని సంగతి. ఏ క్యాసెట్టునూ ప్లేయర్‌లో పెట్టకముందే దాని పైఅంచున రెండు చివర్లా ఉండే చిన్న ప్లాస్టిక్ పలుకులు విరిచెయ్యి. అవి లేకపోతే రికార్డ్ బటన్ కిందికి దిగదు. అన్నిటికీ విరువు. నీ చెయ్యి పొరపాటున ఏ బటన్ మీద పడినా నష్టం ఉండకూడదు. మిగతావి ఏ వరసలో చేసినా ఫరవాలేదు, ఇది మాత్రం మొదట చెయ్యాలి.

అన్నయ్య ప్లేయర్‌లో బెల్టులు ఈపాటికి సాగిపోయి ఉంటాయి. కోఠిలో గుజరాతీ గల్లీలో అడిగి చూడు. ఒక్కో క్యాసెట్టునూ ముందొకసారి ఆ చివరిదాకా, మళ్ళీ ఈ చివరిదాకా తిప్పు, టేపు వదులవుతుంది. ప్లేయర్‌లో టేపు తగిలే హెడ్‌ను దూదీ స్పిరిటుతో రోజూ తుడువు. బూజు పట్టినవి వేరే పెట్టు, ఒకదాని నుంచి ఇంకోదానికి అంటుకుంటుంది. నాలుగు వందల క్యాసెట్లు గంట చొప్పున వేసుకున్నా నాలుగు వందల గంటలు. రెండు నెలలంటే రోజుకు దాదాపు ఏడు గంటలు. ఇందులో దగ్గరదారి లేదు, పాట ఎంతసేపు పాడుతుందో అంతసేపూ కూర్చోవాల్సిందే. ఎంపీ3గా కుదించకు, వేవ్ ఫైళ్ళుగానే ఉంచు. అంతా కలిపి 250 జీబీ దాకా అవుతుందని మా అమ్మాయి లెక్కేసింది. ఒక హార్డ్ డిస్క్ నీ దగ్గర, ఇంకోటి నా దగ్గర.

ఇంకొకటి. పాట మూసుకుపోయినట్టు వినిపిస్తే క్యాసెట్టు చెడిందనుకోకు. హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. పాట నడుస్తుండగా దాన్ని కొంచెం కొంచెంగా తిప్పుతుంటే ఒక చోట 'స'లూ 'శ'లూ పదునుగా తేలతాయి. అక్కడ ఆపు. అన్నయ్య ఇదంతా నా చేతే చేయించేవాడు, నీ చెవి పదునే అని. ఇప్పుడు నువ్వే చెయ్యాలి. ఐదేళ్ళ కింద చెవుల పరీక్ష చేయించుకుంటే పైస్థాయి ధ్వనులు నాకు తగ్గిపోయాయని తేలింది. వయసుతో ముందు పోయేవి అవేనట. నా ఇష్టాలు ఎందుకు మారుతున్నాయో నాకప్పుడు కొంత అర్థమైంది. మనసే మారిందనుకున్నాను, చెవి కూడా మారింది.

ఇక డబ్బాల సంగతి. ఏది ఉంచాలో ఇవాళ్టి నీ చెవితో తేల్చకు నాన్నా. అసలు చెప్పాలనుకున్నది ఇదే.

'ఉంచేవి' డబ్బాలో ఏమున్నాయో ఫొటో పెద్దది చేసి చూశాను. దాదాపు అన్నీ నీ బడి రోజుల నుంచి కాలేజీ దాకా వచ్చినవే. రెహమాన్ పాటలు, అన్నయ్య నీ కోసం ఆబిడ్స్ నుంచి కొనుక్కొచ్చినవి. అందులో తప్పేం లేదు. పదేళ్ళ నుంచి ముప్పై లోపు విన్న పాటలే మనిషికి జీవితమంతా బాగా గుర్తుంటాయని ఈ విషయం చదివినవాళ్ళు చెబుతారు. నాకూ అంతే. ఘంటసాల పోయిన 1974 ఫిబ్రవరిలో నాకు పదహారేళ్ళు. ఆ రోజు నాన్న అన్నం ముందు నుంచి లేచిపోయారు. నేను దిండులో మొహం పెట్టుకుని ఏడ్చాను. అలాంటి నేనే తర్వాత ఎనిమిదేళ్ళకు ఇంట్లో ఘంటసాల వినిపిస్తే లేచి వాల్యూమ్ తగ్గించేదాన్ని.

ఆ ఎనిమిదో ఏడు సంగతే చెప్పాలి. ఇది మీ నాన్నకు తెలుసు. నీకు చెప్పలేదనుకుంటాను.

1979లో నాన్న, అంటే మీ తాతయ్య, రేడియో, టేప్‌రికార్డర్ కలిసిన ఒక టూ-ఇన్-వన్ కొన్నారు. రాజధాని కర్నూలు నుంచి మారినప్పుడు ఫైళ్ళతో పాటు హైదరాబాద్ వచ్చిన గుమాస్తా ఆయన, దానికోసం ఏడాది డబ్బు దాచారు. మొదటి ఆదివారమే దాన్ని వంటింటి గుమ్మం దగ్గర స్టూలు మీద పెట్టి, అమ్మ చేత అధ్యాత్మ రామాయణ కీర్తనలు పాడించారు. అమ్మకు సిగ్గు. మొహం గోడవైపు తిప్పుకుని, వంకాయలు తరుగుతూ పాడింది. అరవై నిమిషాల క్యాసెట్టు, రెండు వైపులా నిండింది. నాన్న అట్ట మీద 'అమ్మ - కీర్తనలు' అని రాసి, చాకు మొనతో ఆ ప్లాస్టిక్ పలుకులు రెండూ విరిచేశారు. ఇక దీన్ని ఎవరూ చెరపలేరు అన్నారు.

1982లో నాకు ఇరవై నాలుగు. బ్యాంకులో కొత్త ఉద్యోగం, చేతిలో జీతం, తలనిండా డిస్కో. నా కొలీగ్ వాళ్ళ అన్న దుబాయ్ నుంచి ఒక క్యాసెట్టు తెచ్చాడు. ఒక్క రాత్రికి ఇచ్చింది, పొద్దున్నే తిరిగి ఇచ్చెయ్యాలి. పక్కింటి వాళ్ళ టేప్‌రికార్డర్ తెచ్చుకుని వైరు కలుపుకున్నాను. చూస్తే ఇంట్లో ఖాళీ క్యాసెట్టు లేదు. షాపులు మూసేశారు. అమ్మ క్యాసెట్టు కనిపించింది.

పలుకులు విరిచి ఉన్నాయని నాకు తెలుసు. ఎందుకు విరిచారో కూడా తెలుసు. ఆ కన్నాల మీద సెలోటేప్ అంటించాను. రికార్డ్ బటన్ దిగింది.

తెలియక చేశానని చెప్పుకునే వీలు లేకుండా చేశాను చిన్నా. ఆ కీర్తనలు అప్పుడు నాకు గిట్టేవి కావు. నీరసంగా, ఒకే సాగదీతగా అనిపించేవి. అమ్మ రోజూ పాడుతూనే ఉంటుంది కదా, దీనికో క్యాసెట్టు ఎందుకు అనుకున్నాను. నా ఇష్టాలు ఇక మారవని నమ్మాను. ఇరవై నాలుగేళ్ళప్పుడు అందరూ అలాగే నమ్ముతారేమో.

ఆ వారమే నాన్న మధ్యాహ్నం పూట ఆ క్యాసెట్టు పెట్టారు. డ్రమ్ములు మోగాయి. ఆపలేదు. ఎక్కడైనా మిగిలి ఉంటుందేమోనని రెండు వైపులా చివరిదాకా కూర్చుని విన్నారు. బి సైడ్‌లో డిస్కో అయిపోయాక టక్‌మని చప్పుడు, ఆ వెంటనే చరణం మధ్యలోంచి అమ్మ గొంతు. నాలుగు నిమిషాలు ఉందేమో. చివర "చాల్లెండి, పాలు పొంగుతున్నాయి" అంటుంది. అంతే. నాన్న ఒక్క మాట అనలేదు. పెరట్లోకి వెళ్ళి మొక్కలకు నీళ్ళు పోస్తూ నిలబడ్డారు. అమ్మే వంటింట్లోంచి, "పోనీలేవే, మళ్ళీ పాడతాగా" అంది.

1985 వానాకాలంలో పోయింది. మధ్యలో మూడేళ్ళు ఉన్నాయి. రోజూ పాడింది. టేప్‌రికార్డర్ పది అడుగుల దూరంలో ఉంది. ఎవరం బటన్ నొక్కలేదు.

నలభై ఐదేళ్ళు వచ్చాక ఒకరోజు ఈ తార్నాక ఇంట్లో చారు పెడుతూ ఏదో కూనిరాగం తీస్తున్నాను. అది అమ్మ కీర్తన. పల్లవి వచ్చింది, మొదటి చరణం వచ్చింది, రెండో చరణం దగ్గర ఆగిపోయాను. స్టవ్ కట్టేసి నేల మీద కూర్చుండిపోయాను. తర్వాత కీర్తనల పుస్తకం సంపాదించాను. మాటలు దొరికాయి. అమ్మ వరస దొరకలేదు. ఏ ఇంటి వరస ఆ ఇంటిదే కదా, పాడే మనిషితోనే పోతుంది.

మీ నాన్న నాకన్నా ఐదేళ్ళు పెద్ద. వాడి క్యాసెట్లు వరసగా పెట్టి చూడు, వాడి జీవితం అంతా అదే. ఘంటసాల, తర్వాత కిశోర్ కుమార్, పెళ్ళయిన కొత్తలో మెహదీ హసన్ గజళ్ళు, నలభైల్లో బాలమురళి. చివరి పదేళ్ళు హిందుస్తానీ గాయకుడు బడే గులాం అలీ ఖాన్ ఠుమ్రీలు తప్ప ఇంకేం పెట్టేవాడు కాదు. నువ్వు ఇంటర్‌లో ఉన్నప్పుడు ఆ పాటకు చెవులు మూసుకుని గదిలోకి వెళ్ళిపోయావని నాతో చెప్పాడు. నొచ్చుకుని చెప్పలేదు. "వాడికీ టైమ్ వస్తుందే" అన్నాడు. ఒకసారి నన్ను స్కూటర్ మీద బషీర్‌బాగ్ తీసుకెళ్ళి, ఆ మహానుభావుడు 1968లో కన్నుమూసింది ఇక్కడేనని చూపించాడు. అప్పుడు మేము నల్లకుంటలోనే ఉన్నాం, మూడు నాలుగు కిలోమీటర్ల దూరం. నాకు పదేళ్ళు, ఆ పేరే వినలేదు. ఆ గొంతు నా దాకా రావడానికి ఇంకో నలభై ఏళ్ళు పట్టింది. రికార్డులు ఉన్నాయి కాబట్టి వచ్చింది.

ఆ ఠుమ్రీలన్నీ నీ 'పారేసేవి' డబ్బాలో ఉన్నాయి. అవి కంపెనీ క్యాసెట్లు, పోయినా ఇంకెక్కడైనా దొరకవచ్చు. నా భయం పేరు రాయని క్యాసెట్ల గురించి. పేరు లేదు కాబట్టి చెత్త అనుకోకు. అన్నయ్యకు మాటల మధ్యలో రికార్డ్ బటన్ నొక్కే అలవాటుంది. నీ చిన్నప్పటి గొంతు వాటిలో ఉండవచ్చు. మీ అమ్మ నవ్వు ఉండవచ్చు. ముందు అవే విను.

ఇప్పుడు ఫొటోలో ఎడమ మూల చూడు. నీలం కేసు, అట్ట మీద పాత రాత కొట్టేసి నా చేతిరాతతో 'డిస్కో 82' అని ఉంటుంది. నాన్న పోయాక దాన్ని అన్నయ్య దాచాడు. ఇన్నేళ్ళలో నేను అడగలేదు. అడిగితే వినాల్సి వస్తుందని భయం.

దాని పైఅంచున సెలోటేప్ పచ్చబడి ఉంటుంది. దాన్ని గోరుతో మెల్లగా తీసెయ్యి. ప్లేయర్‌లో మాత్రం పెట్టకు, గురువారం నేను వస్తున్నాను. డిస్కో కూడా ఎక్కిద్దాం, అది నా ఇరవై నాలుగేళ్ళు. బి సైడ్‌లో పాటలు అయిపోయాక ఆపకుండా టేపు చివరిదాకా పోనివ్వాలి. అమ్మ పాలు పొంగుతున్నాయి అన్నాక గిన్నె దించిన చప్పుడు ఉంటుంది. శుభ్రం చేసేటప్పుడు అది కత్తిరించకు.

మీ అత్త