రాత్రిపూట హైవే ఎక్కే ముందు

చిరంజీవి కిరణ్‌కి పెదనాన్న ఆశీస్సులు.

పండక్కి రాత్రిపూట కారేసుకుని హైదరాబాద్ నుంచి ఊరికి వస్తానన్నావట, మీ నాన్న ఒకటే టెన్షన్ పడుతున్నాడు. నేను వద్దనను. స్టీరింగు, గేర్ల సంగతి నీకొచ్చు. బస్సు డ్రైవర్లకు ట్రైనింగ్ ఇచ్చే రోజుల్లో మొదటి క్లాసులో చెప్పిందే నీకూ చెబుతాను.

కంటికి అందేది వెలుగూ నీడా, అంతే. అది లారీయా, ఎంత దూరంలో ఉంది, ఎంత స్పీడులో వస్తోంది అన్నవి మెదడు పాత అనుభవంతో వేసే అంచనాలు. పగలు చాలావరకు సరిపోతాయి. చీకట్లో ఆధారాలు తగ్గినా అంచనా వేయడం మానదు. ఇది ఊహ అని నీకు చెప్పదు కూడా.

నందిగామ దగ్గర హైవే దిగాక మనది సింగిల్ రోడ్డు కదా. ఎదురుగా ఒక్క లైటు కనిపిస్తే బైకే అనిపిస్తుంది. ఒక లైటు పోయిన ట్రాక్టరు కావచ్చు, లారీ కావచ్చు. లారీకి ఇవ్వాల్సినంత దారి ఇవ్వు. నిజంగా బైకే అయినా చిన్నగా కనిపిస్తుంది కాబట్టి ఇంకా దూరంలో ఉందనుకుని ఓవర్‌టేక్‌కి దిగుతారు. ఆ పని చెయ్యకు.

గంటసేపు వందలో వచ్చాక అరవైకి తగ్గిస్తే నడుస్తున్నట్టుంటుంది. మంచులోనూ చుట్టూ ఏదీ స్పష్టంగా లేకపోతే ఉన్న స్పీడు తక్కువగా తోచొచ్చు. సర్వీస్ రోడ్డులోకి తిరిగేటప్పుడు మీటరు ముల్లునే నమ్ము.

జంక్షన్‌లో తల గిర్రున తిప్పి చూశాననుకోవద్దు. చూపు ఒకచోటి నుంచి ఇంకోచోటికి దూకే ఆ క్షణంలో మెదడు దృశ్యాన్ని దాదాపు ఆపేసి, తర్వాత ఖాళీ తెలియకుండా అతికేస్తుంది. దానికి తోడు కారు ముందు అద్దం పక్కన స్తంభం ఒకటి. దాని వెనక బైకు మొత్తం దాక్కుంటుంది. అందుకే రెండు మూడు చోట్ల చూపు నిలిపి చూడు, ఒంటిని కాస్త ముందుకీ వెనక్కీ జరిపి మళ్లీ చూడు. పక్కవాళ్లు నవ్వితే నవ్వనీ.

టీ కొట్టు ట్యూబ్‌లైటు కింద నుంచి లేస్తే కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడడానికి దాదాపు అరగంట పడుతుంది. మొదటి కొన్ని నిమిషాలు మెల్లగా పోనీ. ఎదుటివాడు హై బీమ్ కొడితే ఎడమ అంచు తెల్లగీత చూడు.

ఫోను బ్లూటూత్‌లో ఉంది కదా అంటావు. 1999లో సైమన్స్, చాబ్రిస్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు అమెరికాలో ఒక వీడియో చూపించి, బంతి ఎన్నిసార్లు చేతులు మారిందో లెక్కపెట్టమన్నారు. గొరిల్లా వేషంలో ఒకరు మధ్యలోకొచ్చి గుండెలు బాదుకుని వెళ్తే, సుమారు సగం మందికి అది కనిపించనే లేదు. మాటల్లో పడితే రోడ్డు మీద మనమూ అంతే. మీ అమ్మ ఫోన్ చేస్తే చిట్యాలలోనో సూర్యాపేటలోనో బండి ఆపి మాట్లాడు.

ముందు అద్దం లోపలివైపు కూడా తుడువు, ఆ జిడ్డు మీద లైటు పడితే చెదురుతుంది. నందిగామలో ఆగి ఒక ఫోన్ కొట్టు, మీ పెద్దమ్మ అన్నం వేడిగా పెడుతుంది.

మీ పెదనాన్న