అది లాఫింగ్ బుద్ధ కాదండీ, దైకొకుతెన్

నమస్తే అండీ. క్యోటోలో పాత సామాన్ల సంతలో కొన్న చెక్క బొమ్మ లాఫింగ్ బుద్ధేనా, కింద రాలుతున్న పొడి ఏమిటి అని అడిగారు కదా. చేతిలో చిన్న సుత్తి, భుజాన మూట, కాళ్ల కింద రెండు బియ్యం బస్తాలు అంటే అది దైకొకుతెన్, జపాన్ వాళ్ల ఏడుగురు అదృష్ట దేవతల్లో ఒకరు. లాఫింగ్ బుద్ధ అంటే హొతెయ్, ఆయనకి పొట్ట బయటికి కనిపిస్తుంది, సుత్తి ఉండదు. దైకొకుతెన్ మూలం మన మహాకాలుడే, బౌద్ధంతో పాటు చైనా మీదుగా అక్కడికి చేరి ఇలా నవ్వుముఖం దేవుడయ్యాడు, నాకు భలే ఇష్టమైన సంగతి ఇది.

పొడి సంగతి మాత్రం వెంటనే చూడండి. పక్కనే సన్నటి గుండ్రటి రంధ్రాలుంటే అది చెక్క తొలిచే పురుగే. రంగు, లక్క, బంగారు పూత ఏవీ లేని ఉత్త చెక్కైతే పాలిథిన్ కవర్లో పెట్టి గాలి తీసేసి గట్టిగా మూసి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి, బయటికి తీశాక ఒక రోజంతా కవర్ విప్పొద్దు, విప్పితే చెక్కకి చెమ్మ పడుతుంది. పూత ఉంటే ఫ్రీజర్ జోలికి వెళ్లకుండా పాత వస్తువులు బాగుచేసే నిపుణులకి చూపించండి. నల్లగా ఉందని నూనె రాసి తోమొద్దు, ఈయన్ని వంటింట్లో పెట్టి కొలుస్తారు, ఆ నలుపు ఏళ్లనాటి పొయ్యి పొగ కావచ్చు.