రోజూ గ్రీన్ టీ తాగుతున్నాను, ఇక సన్‌స్క్రీన్ మానేయొచ్చా?

మానేయకండి. నేను మానేసి చూశాను కాబట్టే చెబుతున్నాను.

గ్రీన్ టీ ఎండ దెబ్బ నుంచి చర్మాన్ని కాపాడుతుందా అంటే, కొంతవరకు అవుననే చెప్పాలి. కానీ దాన్ని నమ్ముకుని సన్‌స్క్రీన్ ఖర్చు తప్పించుకుందామంటే మాత్రం కుదరదు.

నాది సైట్ సూపర్‌వైజర్ పని, భీమిలి రోడ్డు వైపు లేఅవుట్లు. పొద్దున ఎనిమిదికి వెళ్తే నీడ అనేదే ఉండదు. మన వైజాగ్ ఉక్క సంగతి తెలిసిందే కదా, రాసుకున్న సన్‌స్క్రీన్ అరగంటలో చెమటతో కలిసి కళ్ళలోకి దిగి ఒకటే మంట. ఆ చిరాకులో ఉండగా వాట్సాప్‌లో ఏదో వీడియో వచ్చింది, గ్రీన్ టీ తాగితే ఎండ ఏమీ చేయదని. అంతే, ట్యూబ్ బీరువా మీదకి పోయింది. మొదటిరోజు మా అమ్మ ఆ ఆకుల్లో పాలు పోసి, అల్లం దంచి వేసి, కుతకుతా మరిగించి తెచ్చింది. ఇలా కాదమ్మా అంటే "పాలు లేకుండా అదేం టీరా" అని నవ్వింది.

రోజుకు మూడు కప్పులు, మూడు నెలలు తాగాను. ఆ వేసవిలో ఒక ఆదివారం పిల్లలతో ఋషికొండ వెళ్ళాం. మబ్బు పట్టి ఉంది, ఎండ లేదులే అని బనియన్‌తోనే నీళ్ళలో దిగి తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా ఉన్నాను (ఎండలో కంటికి కనిపించకుండా చర్మాన్ని కమిలించే యూవీ కిరణాలు పల్చటి మబ్బులోంచి చాలావరకు దిగిపోతాయని అప్పుడు తెలియదు). సాయంత్రానికి భుజాలు, మెడ వెనక కమిలిపోయాయి, చొక్కా తగిలితే చాలు ప్రాణం పోయేది. నాలుగో రోజుకి ఉల్లిపొరలా పొట్టు లేచింది. స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్తే, బనియన్ పట్టీ ఉన్నంత మేర మామూలుగా ఉన్న చర్మం మీద వేలు పెట్టి "మూడు నెలల టీ చేయలేని పని ఈ గుడ్డ చేసింది చూడండి" అన్నారు.

ఆయన చెప్పింది, నేను తర్వాత చదివింది కలిపి చెబుతాను. గ్రీన్ టీలో క్యాటెచిన్లు అనే పదార్థాలు ఉంటాయి, వాటిలో ముఖ్యమైనది ఈజీసీజీ. యూవీ లోపలికి వెళ్ళాక పుట్టే ఫ్రీ ర్యాడికల్స్‌ని (చర్మ కణాల్ని పాడుచేసే అణువులు), వాపుని ఇవి కొంత తగ్గిస్తాయి. అంటే కిరణాన్ని ఆపవు, అది చేసిన గొడవని కాస్త సర్దుతాయి, అంతే. ఎలుకల మీద ఫలితాలు బాగా వచ్చాయి, మనుషుల దగ్గరికి వచ్చేసరికే తకరారు. 2011లో జర్మనీలో 60 మంది ఆడవాళ్ళ మీద చేసిన పరీక్షలో, క్యాటెచిన్లు ఎక్కువగా ఉన్న డ్రింక్ 12 వారాలు తాగినవాళ్ళకి యూవీ వల్ల వచ్చే ఎరుపు 25 శాతం తగ్గింది. కానీ వాళ్ళు తీసుకున్నది రోజుకు 1,402 మిల్లీగ్రాముల క్యాటెచిన్లు, మనం ముంచుకునే ఒకటీ రెండూ టీ బ్యాగులకి అంత రాదు. 2015లో ఇంగ్లాండ్‌లో 50 మందికి రోజుకు 1,080 మిల్లీగ్రాములు, తోడుగా విటమిన్ సి ఇచ్చి మూడు నెలలు చూస్తే చెప్పుకోదగ్గ తేడా ఏమీ కనిపించలేదు. ఇలాంటిదాన్ని నమ్ముకుని మధ్యాహ్నం పన్నెండింటికి ఆర్కే బీచ్‌లో నిలబడతామా చెప్పండి.

పోనీ క్యాప్సూల్స్ వేసుకుందాం అనుకునేరు, వద్దు. సప్లిమెంట్ల రూపంలో రోజుకు 800 మిల్లీగ్రాములు, అంతకు మించి ఈజీసీజీ తీసుకుంటే లివర్ ఎంజైములు పెరగొచ్చని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2018లోనే హెచ్చరించింది. కప్పులో తాగడానికైతే భయం లేదు. భోజనంతో పాటు మాత్రం వద్దు, తిండిలోని ఐరన్ సరిగ్గా ఒంటికి పట్టదు.

నేను ఇప్పటికీ తాగుతున్నాను, అలవాటై రుచి నచ్చింది కాబట్టి. మరిగే నీళ్ళు పోయకుండా కాస్త ఆరనిచ్చి, రెండు మూడు నిమిషాలు ఉంచి తీసేస్తే చేదెక్కదు. సైట్‌కి మాత్రం ఫుల్ హ్యాండ్స్ చొక్కా, వెడల్పు అంచు టోపీ, ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్. రెండు గంటలకోసారి మొహం తుడుచుకుని మళ్ళీ రాస్తాను, పిసినారితనం లేకుండా. కళ్ళ మంటకి నాకు దొరికిన ఉపాయం ఒకటే: కనుబొమల పైన రాయడం మానేసి, టోపీ కింద నుదుటికి జేబురుమాలు కట్టుకోవడం. కుర్రాళ్ళు చూసి నవ్వుతారు, నవ్వనివ్వండి.